రైట్ టైమ్ అని రాసిన కాగితాలు

లేఓవర్ అనే మాట నాకు నాగపూర్ నుంచి వచ్చిన ఒక ఇంజనీరు నేర్పాడు. బస్సు చివరి స్టాపుకి చేరాక, మళ్ళీ బయల్దేరేదాకా ఊరికే నిలబడి ఉండే సమయాన్ని అలా అంటారట. మా నాన్న ఇరవై రెండేళ్ళపాటు ఆ సమయంలోనే అన్నం తిన్నాడు, నీళ్ళు తాగాడు, ఒంటికి వెళ్ళొచ్చాడు, వెనక టైర్లు తట్టి చూసుకున్నాడు. దానికి ఒక పేరుందని ఆయనకి తెలీదు. ఆయన దాన్ని 'బండి ఆగీ టైము' అనేవాడు.

మాది భిలాయిలో క్యాంప్ 2. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పని దొరుకుతుందని వచ్చి, అది దొరక్క, ప్లాంటు కార్మికులను షిఫ్టులకు చేరవేసే బస్సుల కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా కుదిరాడు. క్యాంప్ 2లో బయల్దేరి, సుపేలా బజారు మీదుగా, రైల్వే గేటు దాటి, ప్లాంటు గేటు దాకా ఆయన లైను. పొద్దున్నే మొదటి షిఫ్టు వాళ్ళని దింపి, ఆ తర్వాత జనరల్ షిఫ్టు వాళ్ళని, మధ్యాహ్నం రెండు గంటలకి రెండో షిఫ్టు వాళ్ళని దింపేవాడు. మా వీధిలో సగం మంది ఆయన బస్సులోనే డ్యూటీకి వెళ్ళేవారు. తెలుగువాళ్ళు మామా అనేవారు, మిగతావాళ్ళు భయ్యా అనేవారు.

బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి చేరింది అన్నది డ్రైవరు ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. దాన్ని డ్యూటీ షీటు అనేవారు. నాన్న ఊళ్ళో మూడో తరగతి దాకా తెలుగు చదువుకున్నాడు. హిందీ మంచినీళ్ళలా మాట్లాడతాడు కానీ రాయలేడు. ఇంగ్లీషు అసలే రాదు. అంకెలు వచ్చు, అంతే. అందుకని నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడాది నుంచి ఆ షీట్లు నింపే పని నాకు అప్పజెప్పాడు. ఆదివారం భోజనాలయ్యాక చాప పరుచుకుని కూర్చునేదాన్ని. జరిగిపోయిన వారానివి కాదు, రాబోయే వారానివి నింపేదాన్ని.

ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. మా దగ్గర అదే పద్ధతి. బస్సు ఆలస్యమైందని షీటులో రాస్తే డ్రైవరు ఎందుకాలస్యమైందో హిందీలో సంజాయిషీ రాసివ్వాలి. దాని కింద, షీట్లు తీసుకునే టైమ్‌కీపరు కూడా సంతకం పెట్టాలి, ఆ కాగితం పైకి వెళ్ళాలి, పైనుంచి మళ్ళీ ప్రశ్న రావాలి. డ్రైవర్లలో ఎక్కువమంది మా వైపు వాళ్ళే, హిందీ రాయలేనివాళ్ళే. టైమ్‌కీపరుకి కూడా ఆ గొడవ అక్కర్లేదు. అందుకని ఎవరి బస్సు ఎప్పుడు చేరినా షీటులో మాత్రం టైమ్ టేబుల్‌లో ఉన్న అంకే వేసి, పక్కన 'రైట్ టైమ్' అని రాసేవారు. రైలువాళ్ళ దగ్గర నేర్చిన మాట అది. నాన్నవే కాక ఇంకో ముగ్గురివి కూడా నేనే నింపేదాన్ని. నా రాత గుండ్రంగా, అందంగా ఉంటుందని వాళ్ళు మెచ్చుకునేవారు. ఒకాయన ప్రతి ఆదివారం నాకోసం జామకాయలు తెచ్చేవాడు.

ఆ అబద్ధం వల్ల అప్పట్లో ఎవరికీ ఏ నష్టమూ లేదు. టైమ్ టేబుల్ ప్రకారం క్యాంపు నుంచి ప్లాంటు గేటుకి పాతిక నిమిషాలు. ఆ లైను మొదలుపెట్టినప్పుడు రోడ్డు ఖాళీగా ఉండేదట, పాతికే పట్టేదట. తర్వాత సుపేలాలో ఆటోలు పెరిగాయి, తోపుడుబళ్ళు రోడ్డు మీదికొచ్చాయి, చరోదా యార్డు నుంచి కదిలే గూడ్సు బళ్ళ కోసం రైల్వే గేటు మాటిమాటికీ వేసెయ్యడం మొదలైంది. ముప్పై, ముప్పై మూడు పట్టేది. అయితే ప్లాంటు గేటు దగ్గర పది నిమిషాలు, క్యాంపు దగ్గర పదిహేను నిమిషాలు బండి ఆగే టైము ఉండేది కదా, ఆలస్యమంతా అందులో కలిసిపోయేది. మిగిలిన నాలుగు నిమిషాల్లో నాన్న నాలుగు ముద్దలు తిని మళ్ళీ స్టీరింగు పట్టుకునేవాడు. తర్వాతి ట్రిప్పు ఎప్పుడూ వేళకే కదిలేది. షిఫ్టు తప్పినవాడు ఒక్కడూ లేడు.

నేను బీకామ్ అయ్యాక సుపేలాలో ఒక మేడ మీద ఆర్నెల్లు కంప్యూటరు నేర్చుకున్నాను. తొంభైల నడుమ అది పెద్ద చదువే. అదే రోజుల్లో బస్సుల ఆఫీసుకి కంప్యూటరు వస్తోందని తెలిసి, నాన్న మేనేజరు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి నాకు ఆపరేటరు పని అడిగాడు. తనకోసం ఆయన ఎవరినీ ఏదీ అడగ్గా నేను చూడలేదు. టెంపరరీ అన్నారు, ఏడాది చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. మొదటిరోజు నాన్న బస్సులోనే ఆఫీసుకి వెళ్ళాను. దారిపొడుగునా ఎక్కిన ప్రతివాడికీ 'మా అమ్మి ఆఫీసులో సేరినాది' అని నన్ను చూపించి చెప్పాడు.

నాగపూర్ ఇంజనీరు ఆ కంప్యూటరుతో పాటు బస్సుల టైమ్ టేబుల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. పదిహేను రోజులు కూర్చుని నాకు మాటలు నేర్పాడు. రెండు స్టాపుల మధ్య పట్టేది రన్నింగ్ టైమ్. బస్సుకీ బస్సుకీ మధ్య ఎడం హెడ్‌వే. జనం లేకుండా ఖాళీగా తిరిగితే అవి డెడ్ కిలోమీటర్లు. ఏ లైనూ ఇవ్వకుండా, ఎవరైనా రాకపోతే పనికొస్తాడని డిపోలో కూర్చోబెట్టిన డ్రైవరు స్పేర్. అవన్నీ నోట్‌బుక్కులో రాసుకుని ఇంటికొచ్చి గొప్పగా చదివి వినిపించాను. డెడ్ కిలోమీటర్ల దగ్గర నాన్న నవ్వాడు.

"జనం లేకపోతే బండి సచ్చిపోయినట్టేటి? నడిపీవోడిని నేనున్నాను కదమ్మా," అన్నాడు.

నాకు చిన్నతనమనిపించింది. టెక్నికల్ మాటలు నీకు అర్థం కావులే అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

సాఫ్ట్‌వేర్‌కి ముందు పాత లెక్క కావాలన్నాడు ఇంజనీరు. మూడేళ్ళ డ్యూటీ షీట్లు అటక మీంచి దింపించి నా బల్ల మీద పోశారు. దుమ్ము దులిపి చూస్తే వాటిలో చాలా భాగం నా చేతిరాతే. మొదట నవ్వొచ్చింది. ఒక కాగితం దగ్గర నవ్వాగిపోయింది. ఆ రోజు నాకు గుర్తే. షిఫ్టు వాళ్ళని దింపి ఖాళీగా తిరిగొస్తుంటే సుపేలాలో బస్సు చెడిపోయి, మెకానిక్కు దొరక్క, నాన్న సాయంత్రం నడిచి ఇంటికొచ్చాడు. షీటులో మాత్రం ఆ రోజు ట్రిప్పులన్నీ రైట్ టైమ్. ఆదివారం నేను రాసి పెట్టాను, ఆయన అలాగే ఇచ్చేశాడు, టైమ్‌కీపరు అలాగే పుచ్చుకున్నాడు. అది కూడా కంప్యూటరులో కొట్టాను. కొట్టమన్నవి కొట్టడమే నా పని అనుకున్నాను.

అన్నీ ఎక్కించాక ఇంజనీరు తెర చూసి ఆశ్చర్యపోయాడు. ఇంత వేళకి నడిచే బస్సులు తాను ఎక్కడా చూడలేదన్నాడు. పాతిక నిమిషాల్లో చేరిపోతున్నప్పుడు మళ్ళీ పదీ పదిహేను నిమిషాలు ఊరికే నిలబెట్టడమెందుకని అడిగాడు. మేనేజరు నా వైపు చూశాడు. ఆఫీసులో ఆ లైను సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. రూల్సులో కనీసం మూడు నిమిషాలు ఉండాలని ఉంది సార్ అన్నాను. అడిగిందొకటి, నేను చెప్పింది ఇంకొకటి. ఇంజనీరు నన్నే లేఓవర్ గడిలో మూడు అని కొట్టమన్నాడు.

ఆ సాయంత్రం భయం వేసి నాన్నకి అంతా చెప్పాను. రేపు వెళ్ళి ఆ షీట్లన్నీ ఉత్తివని చెప్పేస్తానన్నాను.

"సెప్పకు. అబద్దం రాసీసినామని తెలిస్తే నా ఒక్కడితో పోదు, అందరి మెడకీ సుట్టుకుంటాది. పిల్లలు గలోల్లు ఉన్నారు. మూడు నిమిషాలైతే మూడే, ఎలాగోలాగ లాక్కొచ్చీద్దుం," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చెప్పక్కర్లేదన్న సంతోషం అది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కొత్త టైమ్ టేబుల్‌తో ఒక బస్సు మిగిలింది. అంతే పని, ఒక బస్సు తక్కువ. మేనేజరు ఆఫీసంతా పేడా మిఠాయిలు పంచాడు, అందరిముందూ నన్ను మెచ్చుకున్నాడు. ప్లాంటు గేటు దగ్గర బస్సు వచ్చిన వేళని కార్డు మీద అచ్చుగుద్దే గడియారం ఒకటి పెట్టించాడు. ఇక ఎవరూ ఏదీ రాయక్కర్లేదు.

మొదటివారంలోనే తెలిసిపోయింది. పొద్దుటి మొదటి ట్రిప్పు రోడ్డు ఖాళీ కాబట్టి బాగానే ఉండేది. రెండోదానికి అయిదు నిమిషాలు ఆలస్యం, మూడోదానికి పది. కలుపుకోవడానికి ఇప్పుడు చివర్లో టైము లేదు. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు వాళ్ళ ట్రిప్పుకి వచ్చేసరికి ఇరవై నిమిషాలు దాటిపోయేది. నాన్న అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికొచ్చేది. దారిలో సుపేలా దాటాక ఒకచోట బస్సు ఆపి ఒంటికి వెళ్ళొస్తే, ఎక్కినవాళ్ళు లోపల్నించి తిట్టారట. యాభై ఆరేళ్ళ మనిషి. నీళ్ళు తాగడం మానేశాడు. ఆ ఎండల్లో నీళ్ళు తాగకుండా బస్సు నడిపాడు.

షిఫ్టు తప్పినవాళ్ళు కోప్పడటంలో తప్పు లేదు. అయినా మామా అని పిలిచిన నోళ్ళే ముసలోడికి చేతకావడం లేదనడం నేను విన్నాను. మా వీధి వాడొకడు మా గుమ్మం ముందే నిలబడి అన్నాడు. చివరికి రెండో షిఫ్టు వాళ్ళు ముప్పై మంది సంతకాలు పెట్టి కంప్లైంటు ఇచ్చారు. పాత డ్రైవర్లు కావాలనే కంప్యూటరుని ఓడించాలని చూస్తున్నారని మేనేజరు అప్పటికే అనుమానపడుతున్నాడు. ఒకణ్ణి పట్టుకుంటే మిగతావాళ్ళు దారికొస్తారనుకున్నాడేమో, నాన్నకి ఛార్జిషీటు ఇచ్చాడు.

ఎంక్వయిరీ మేనేజరు గదిలో, పొద్దున పదకొండింటికి. కాగితాలు అందించడానికి నన్ను ఒక మూల కుర్చీలో కూర్చోమన్నారు. నాన్న ఇస్త్రీ చేసిన ఖాకీ వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు బల్ల మీద ఒక పక్క గేటు గడియారం కార్డులు పెట్టాడు, ఇంకో పక్క పాత షీట్లు. అదే రోడ్డు, అదే బస్సు, అదే మనిషి. మూడేళ్ళు ఒక్క రోజు కూడా పాతిక నిమిషాలు దాటలేదు, ఇప్పుడు ప్రతిరోజూ దాటుతోంది, కావాలని కాకపోతే ఎందుకని అడిగాడు. నాన్న టోపీ ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. చెప్పడానికి ఉన్నది ఒక్కటే, అది చెప్తే ఇంకో పదిమంది మునుగుతారు.

మేనేజరు ఒక షీటు తీసి ముందుకి జరిపాడు. ఇది నువ్వు రాసిందేనా అని హిందీలో అడిగాడు.

గుండ్రంగా, అందంగా ఉన్న నా చేతిరాత. ఆ గదిలో రోజూ నా రాత చూసేవాళ్ళే ఉన్నారు. నాన్న ఆ కాగితం వైపు చూశాడు కానీ, నా వైపు మాత్రం చూడలేదు.

"మేరా హీ హై సాబ్," అన్నాడు. నాదే అని.

నోరు పెగల్లేదని రాస్తే అది ఇంకో రైట్ టైమ్ అవుతుంది. నోరు బాగానే ఉంది. గొంతు బాగానే ఉంది. ఆ నెలలోనే నన్ను పర్మనెంట్ చెయ్యబోతున్నారని నాకు తెలుసు, ఆ ఫ్యానూ ఆ కుర్చీ నాకు కావాలి, అందుకని నేను మాట్లాడలేదు. మేనేజరు అడిగిన తర్వాతి కాగితం తీసి ఇచ్చాను.

కావాలని బస్సు నిదానంగా నడిపినట్టు రుజువైందని రాశారు. లైను తీసేసి స్పేర్‌లో వేశారు.

ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో, నీదని ఎందుకన్నావని అడిగాను. ఏడుస్తూ అడిగాను. నా ఏడుపు చూసి ఆయనకి చిరాకేసింది.

"మరేటనమంటావు? మా అమ్మిదని సెప్పీమంటావేటి? ఆ కుర్సీ నేనే కదా అడిగి తెచ్చినాను," అన్నాడు. తర్వాత అమ్మని పిలిచి, మజ్జిగ పొయ్యమన్నాడు.

స్పేర్ డ్రైవరంటే డిపోలో బల్ల మీద కూర్చోవాలి. నాన్న ఎప్పటిలాగే చీకటితో లేచి, స్నానం చేసి, ఖాకీ వేసుకుని, అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళి ఆ బల్ల మీద కూర్చునేవాడు. ఎవరైనా రాకపోయినా ఆయన్ని పిలవొద్దని మేనేజరు నాకు చెప్పి ఉంచాడు. మిగతా స్పేర్ వాళ్ళు పేకాడేవారు. ఆయన ఎదురుగా బయటికి వెళ్ళే బస్సుల్ని చూస్తూ కూర్చునేవాడు. ఫలానా బండికి గేరు సరిగా పడటం లేదని అక్కణ్ణించే మెకానిక్కుకి చెప్పేవాడు. తీరిగ్గా అన్నం తినడానికి ఆయనకి ఇన్నేళ్ళకి కావలసినంత టైము దొరికింది. సగం డబ్బా వెనక్కి తెచ్చేవాడు.

ఆయన లైను ఒక కుర్రాడికిచ్చారు. అతనూ ఆలస్యమే. ఇంకొకడికిచ్చారు, అతనూ అంతే. ఆర్నెల్ల తర్వాత నాగపూర్ ఇంజనీరు మళ్ళీ వచ్చి, గేటు గడియారం కార్డులన్నీ ఎక్కించమన్నాడు. ఎక్కించాక కంప్యూటరే తేల్చింది. పాతిక కాదు, ముప్పై మూడు. చివర్లో మూడు చాలవు, ఎనిమిది ఉండాలి. ఇంజనీరు అదేం పెద్ద విషయం కాదన్నట్టు, మొదట ఎక్కించిన డేటా బాగాలేనట్టుంది అన్నాడు. ముప్పై మూడు అని నేనే కొట్టాను.

అప్పుడు ధైర్యం చేశాను. ఇంజనీరు వెళ్ళిపోయాక మేనేజరు గదిలోకి వెళ్ళి, మరి మా నాన్న లైను సంగతేమిటి సార్ అని అడిగాను. ఆయన చెడ్డవాడేం కాదు, కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మీ నాన్నే కదమ్మా పాతిక నిమిషాల్లో నడిపానని రాసింది, నా ముందే ఒప్పుకున్నాడు కదా అన్నాడు. రాసింది నిజమైతే ఇప్పుడు కావాలని ఆలస్యం చేసినట్టు, రాసింది అబద్ధమైతే మూడేళ్ళు కంపెనీని మోసం చేసినట్టు, ఎటైనా శిక్ష అదే, ఫైలు మళ్ళీ తెరిస్తే ఇంకా చిన్నదేం అవ్వదు అన్నాడు. రాసింది ఆయన కాదు, నేను అని చెప్పడానికి అది రెండోసారి దొరికిన అవకాశం. అప్పటికి నేను పర్మనెంట్ అయి అయిదు నెలలు. థాంక్స్ సార్ అని చెప్పి బయటికొచ్చాను.

కొత్త టైమ్ టేబుల్ డిపో గోడకి అంటించిన రోజు నాన్న బల్ల మీంచి లేచి వెళ్ళి చూశాడు. అంకెలు వచ్చు కదా. ముప్పై మూడు దగ్గర కాసేపు నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను.

"బాగుందమ్మా. ఇంక ఎవులు నడిపినా తిట్లు తినక్కర్లేదు," అన్నాడు. వెళ్ళి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు.

ఆయన ఎత్తిపొడవలేదు. అది ఎత్తిపొడుపైతే నేను ఎలాగో ఓర్చుకునేదాన్ని.

రిటైరయ్యేదాకా నాన్న ఇక స్టీరింగు పట్టుకోలేదు. కొత్త టైమ్ టేబుల్ వచ్చాక ఆయన సర్వీసులో మిగిలిన పద్నాలుగు నెలలూ, ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి, మర్నాటి డ్యూటీల కాగితం నేనే తయారుచేసేదాన్ని. ఆయన గడిలో స్పేర్ అని కొట్టేదాన్ని. కాగితం అడుగున, డ్యూటీలు వేసినవాళ్ళ పేరు దానంతటదే ఇంగ్లీషులో అచ్చయ్యేది. దాన్ని గోడకి అంటించగానే డ్రైవర్లంతా మూగేవారు. నాన్న కూడా వచ్చేవాడు. ఇంగ్లీషు చదవలేకపోయినా తన గడి ఎక్కడుంటుందో ఆయనకి తెలుసు. అడుగున నా పేరు ఎలా ఉంటుందో కూడా ఆనవాలు పట్టేశాడు. ఒకరోజు నేను వెనకే ఉన్న సంగతి చూసుకోకుండా, కొత్తగా చేరిన డ్రైవరొకడికి ఆ పేరు వేలితో చూపిస్తున్నాడు.

"ఇది మా అమ్మి పేరు. ఈ డ్యూటీలన్నీ అదే ఏస్తాది," అన్నాడు.